ఆపరేషన్ థియేటరెక్కిన ఎర్రబస్సు గంట

నేను ఒక గంటను. గంట అనగానే చేతులు జోడించకండి, గుడి గంటను కాను. పుస్తకాలు సర్దుకోకండి, బడి గంటనూ కాను. నేను ఎర్రబస్సు గంటను. డ్రైవరు తలకు కాస్త పైగా, బోర్లించిన కొబ్బరిచిప్పలా ఉండి, కండక్టరు తాడు లాగినప్పుడల్లా టింగుమనే జాతి నాది. మీలో నడివయసు దాటినవాళ్లకు గుర్తుంటాను. తక్కినవాళ్లు మీ పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పడం మొదలుపెడితే ఇక ఆపరు. దానికి నా పూచీ లేదు.

నన్ను పోతపోసిన మేస్త్రి ఎవరో నాకు తెలియదు. ఆ కొలిమిలో కరిగిన లోహంలో కొంత గుడికి పోయింది, కొంత బడికి పోయింది, మిగిలింది బస్సుల షెడ్డుకు వచ్చింది. గుడికి పోయినదానికి పసుపూ కుంకుమా దక్కాయి. బడికి పోయినదానికి పిల్లల ప్రేమ దక్కింది, అదీ సాయంత్రం పూట మాత్రమే. నాకు దక్కింది డీజిలు పొగ. అయినా నాకేం చిన్నతనం లేదు. గుడి గంట ఎన్నిసార్లు మోగినా దేవుడు కదిలిందీ లేనిదీ ఎవరికీ తెలియదు. నేను రెండుసార్లు మోగితే అంత బస్సూ కదిలేది.

మాది పల్నాడు దారి. మాచర్లలో బయలుదేరి నరసరావుపేట చేరేవాళ్లం. బస్సు పైన మిరపకాయ బస్తాలు, లోపల మనుషులు. ఆ ఘాటుకు మా బస్సులో తుమ్మనివాడు లేడు. ఒకడు తుమ్మితే పక్కవాడు "చిరంజీవ" అనేవాడు, వాడు తుమ్మితే వెనకవాడు అనేవాడు. తుమ్మినవాణ్ణి చూసి జనం పారిపోయే రోజొకటి వస్తుందని అప్పుడెవరైనా చెప్పి ఉంటే బస్సంతా నవ్వి ఉండేది.

నా చట్టం చిన్నది. ఒక్కసారి మోగితే ఆగు. రెండుసార్లు మోగితే కదులు. తాడు కండక్టరు కోటిలింగం చేతిలో ఉండేది, చెవి డ్రైవరు బసవపున్నయ్య దగ్గర ఉండేది. వాళ్లిద్దరి కులాలూ వేరు, ఊళ్లూ వేరు. అయినా ఒకరినొకరు "బావా" అనుకునేవారు. బస్సులో అంతకాలం కలిసి ఊగినవాళ్లకు వేరే చుట్టరికం అక్కర్లేదు.

పున్నయ్యకు ఒక మొండితనం ఉంది. నేను రెండుసార్లు మోగితే తప్ప బండి కదిలించడు. జనం "రైట్ రైట్" అని ఎంత అరిచినా స్టీరింగు మీద చేతులు వేసుకుని, పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా కూర్చుంటాడు. ఎవరైనా కోప్పడితే ఒకటే మాట అనేవాడు. "నోరు అందరికీ ఉంటదయ్యా. తాడు ఒక్కడి చేతిలోనే ఉంటది. మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టిన ముసలమ్మ ఉందో లేదో ఆ ఒక్కడికే తెలుసు."

కోటప్పకొండ తిరునాళ్లప్పుడు ఒకసారి నా తాడు తెగింది. బస్సు నిండా జనం, పైన జనం, కిటికీలకు జనం. కోటిలింగం వెనక ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ "రైట్ రైట్" అని గొంతు చించుకున్నాడు. పున్నయ్య కదల్లేదు. ఇంకో పదిమంది అరిచారు. కదల్లేదు. కోటిలింగానికి ఒళ్లు మండి, అరచేత్తో బస్సు పక్కరేకును ధబ్ ధబ్ అని రెండు బాదాడు. బండి కదిలింది.

తర్వాత టీకొట్టు దగ్గర కోటిలింగం నిలదీశాడు.

"ఏంది బావా, మాటకు కదలనోడివి రేకు చప్పుడికి ఎట్టా కదిలావు?"

"నోరు ఎవడిదైనా కావచ్చు బావా. ఆ దెబ్బ నీది. నీ చెయ్యి నాకు తెలవదా?"

నేను ఆ మాట విని కొంచెం ఉడుక్కున్నాను. ఇంత కంచుగొంతు పెట్టుకుని, ఒక చెమట చేతికి తీసిపోయానా అని. ఆ ఉడుకు చాలా ఏళ్లు ఉంది. ఎందుకు చెబుతున్నానో ముందుముందు మీకే తెలుస్తుంది.

కోటిలింగానికి ఒక్కతే కూతురు, ప్రమీలారాణి. బడికి మా బస్సులోనే వెళ్లేది. డ్రైవరు పక్కన ఇంజను బానెట్టు మీద, చిన్న గోనెసంచి పరుచుకుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పున్నయ్యను "మావయ్యా" అనేది. గుంట వచ్చినప్పుడల్లా పున్నయ్య "పేజీ పట్టుకో అమ్మాయ్" అని ముందే చెప్పేవాడు. ఆ ఊపుల్లోనే ఆ పిల్ల చదివింది, డాక్టరీ సీటు తెచ్చుకుంది. ఆ ఇంట్లో అంతకుముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. మొదటి రోజు కాలేజీలో ఎవరో దొరబిడ్డ "ఎర్రబస్సు దిగొచ్చావా?" అని వెక్కిరిస్తే, ప్రమీల అమాయకంగా "అవునండీ, మా నాన్నే టిక్కెట్టు కొట్టారు" అందట. ఈ సంగతి కోటిలింగం ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు, నాకు కంఠతా వచ్చేసింది.

కాలం మారింది. తాళ్లు పోయి విజిళ్లు వచ్చాయి, విజిళ్లు పోయి తలుపులు వాటంతట అవే మూసుకునే బస్సులు వచ్చాయి. మా బస్సు తుక్కుకు పోయే రోజున కోటిలింగం డిపోలో అడిగి నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు. వీధి తలుపుకు బిగించాడు. వచ్చినవాళ్లు తాడు లాగాలి, లోపల ఆయన బస్సు ఆపిస్తున్నట్టు "హోల్డాన్!" అని కేకేస్తూ రావాలి. ఆయన భార్య వెంకాయమ్మ మాత్రం, ఆయన అరుగు మీద కబుర్లలో పడి అన్నానికి లేవనప్పుడు, రెండుసార్లు లాగేది. ఆయన మారుమాట్లాడకుండా లేచేవాడు. ఉద్యోగం నుంచి దిగినా ఉద్యోగం ఆయనలోంచి దిగలేదు.

అప్పుడు కరోనా వచ్చింది. వీధులు ఖాళీ అయ్యాయి. నా తాడు లాగేవాళ్లు లేరు. ఒకరోజు కోటిలింగం కూతురికి ఫోను చేశాడు.

"అమ్మా, పున్నయ్య బావకు ఊపిరాడటం లేదంట. మీ ఆసుపత్రికే తెస్తున్నారు. చూడు తల్లీ."

ప్రమీల అప్పటికి జిల్లా పెద్దాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు. పున్నయ్యను ఊపిరి మిషను మీద పెట్టారు. నోట్లోంచి గొంతులోకి గొట్టం దించారు. రోజులు గడిచాయి గానీ గొట్టం తీసే వీలు రాలేదు. అట్టా ఎక్కువ కాలం ఉంచితే లోపల పుండ్లు పడతాయి, మత్తు మందు తగ్గించే వీలుండదు, మనిషి మంచంలోనే క్షీణించిపోతాడు. మెడ ముందువైపు, కింది భాగంలో, మనిషి ఊపిరి గొట్టానికే చిన్న కిటికీ తెరిచి, అందులోంచి పొట్టి గొట్టం పెడితే నోరు ఖాళీ అవుతుంది, మత్తు తగ్గించవచ్చు, మనిషి లేచి కూర్చునే దారి దొరుకుతుంది. మామూలు రోజుల్లో ప్రమీలకది అలవాటైన ఆపరేషనే.

అవి మామూలు రోజులు కావు. మిషను గాలి నెడుతున్నప్పుడు ఆ కిటికీ తెరిస్తే, లోపలి జబ్బంతా తుంపరలై గదిలోకి చిమ్ముతుంది. చేసేవాళ్ల ముఖం అక్కడే ఉంటుంది. అందుకని ఆ కిటికీ కోసే ముందు మిషను ఆపాలి. ఊపిరి ఆగిన మనిషిని ఎక్కువసేపు ఉంచకూడదు గనక, కొత్త గొట్టం కుదురుకున్న మరుక్షణం మళ్లీ నడపాలి. ముందు నడిపితే డాక్టర్లకు ముప్పు, ఆలస్యంగా నడిపితే పున్నయ్యకు ముప్పు. మధ్యలో ఉన్న సందు బస్సు మెట్టంత.

మిషను దగ్గర ఉండేది మత్తు డాక్టరు ఇలియాస్. హాస్యగాడు, ధైర్యస్థుడు, కాని ఇంట్లో చంటిబిడ్డ ఉంది. వరండాలో వేరుగా పడుకుంటూ, ఆ బిడ్డను కిటికీలోంచి చూసుకుంటున్నాడు. మూడో మనిషి సిస్టర్ సలోమి. తక్కువమంది ఉంటేనే మంచిదని ఈ ముగ్గురే లోపలికి వెళ్లాలనుకున్నారు. ప్రమీల ఒకటే పట్టు పట్టింది. "మావయ్యను బతికించాలి. మనలో ఎవరికీ ఈ గదిలో జబ్బు అంటకూడదు. రెండూ కుదిరితేనే చేద్దాం."

ముందు ఒక దిండు మీద రిహార్సలు వేశారు. ముగ్గురూ తల నుంచి కాలిదాకా తొడుగులు వేసుకుని, రెండేసి మాస్కులు కట్టుకుని, ముఖానికి అద్దం లాంటి ప్లాస్టిక్ పలక అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. గాలి బయటకు లాగే పెద్ద ఫ్యాను బర్రుమంటోంది. ప్రమీల "ఆపండి" అంది. ఇలియాస్‌కు ఏమీ వినపడలేదు. అరిచింది. ఏదో అడిగిందనుకుని సిస్టర్ సలోమి కత్తెర అందించింది. చేత్తో సైగ చేద్దామంటే రెండు చేతులూ మెడ దగ్గర ఉంటాయి. తల ఊపుదామంటే ఇలియాస్ కళ్లద్దాల నిండా ఆవిరి. పైగా మధ్యలో తుంపరలు ఆపడానికి కట్టిన ప్లాస్టిక్ తెర. దిండు ఆ పూట రెండుసార్లు చచ్చిపోయిందని ఇలియాస్ అన్నాడు గాని, ఎవరికీ నవ్వు రాలేదు.

ప్రమీల ఇంటికి ఫోను చేసింది. "నాన్నా, మన గంట కావాలి."

"ఏ గంటమ్మా?"

"నీదే. తాడుతో సహా పంపు."

ఆయన నన్ను తలుపు మీంచి విప్పుతూ, నుదుటికి ఆనించుకున్నాడు. మాస్కు అడ్డం రాబట్టి సరిపోయింది గాని, ముద్దే పెట్టుకునేవాడు. "డ్యూటీ పడిందిరా నీకు" అన్నాడు.

ఆసుపత్రిలో నాకు జరిగిన స్నానం గురించి చెప్పాలి. సిస్టర్ సలోమి నన్ను ఏవేవో మందునీళ్లతో తోమింది. డిపోలో అన్నేళ్లుండి కూడా నా అసలు రంగు నాకు తెలియదు. ఆ రోజు తెలిసింది. తర్వాత నన్ను ఆపరేషన్ బల్ల కింద చట్రానికి బిగించారు. తాడు చివర ఉచ్చులా కట్టి ప్రమీల పాదం దగ్గర వదిలారు. చేతులు కదలకుండా, కాలితో లాగితే చాలు.

"మేడమ్, దీనికి టిక్కెట్టు కూడా కొట్టాలా?" అన్నాడు ఇలియాస్.

"కొట్టాలి. రూలు వినండి. ఒకసారి మోగితే మిషను ఆపాలి. రెండుసార్లు మోగితే నడపాలి. ఎవరేం అరిచినా, మీకేం అనిపించినా, రెండు మోగందే నడపకూడదు."

"అది మాత్రం మా ఊళ్లో పిల్లాడిక్కూడా తెలుసు. హోల్డాన్, రైట్ రైట్. మీరు కండక్టరు, నేను డ్రైవరు. మరి తాడు తెగితే?"

ప్రమీల నవ్వి, తిరునాళ్ల కథ చెప్పింది. పున్నయ్య కోసం దిండు మీద సాధన చేస్తూ, పున్నయ్య మొండితనం గురించి చెప్పుకుని ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు తొడుగుల్లోంచి బయటకు వినపడలేదు, భుజాలు ఊగడం మాత్రం నాకు కనపడింది. ఆ తర్వాత దిండు ఒక్కసారి కూడా చావలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే సిస్టర్ సలోమి థియేటరులోకి వచ్చింది. ఆ రోజుల్లో ఆసుపత్రిలో కవరు తొడగని వస్తువు లేదు. మిషనుకు కవరు, లైటుకు కవరు, ఫోనుకు కవరు, పెన్నుకు కవరు. "తుడవడానికి వీలుగా ఉండాలి, కనపడినదానికల్లా కవరు వేయండి" అని చెప్పింది ప్రమీలే. సలోమి చెప్పిన పని అక్షరాలా చేసే మనిషి. బల్ల కింద నన్ను చూసింది. ఒక పల్చటి ప్లాస్టిక్ కవరు తెచ్చి, శ్రద్ధగా తొడిగి, రబ్బరుబ్యాండు కూడా వేసింది. వేశాక ఒకసారి లాగి చూసింది. మోగాను. తృప్తిపడింది.

పున్నయ్యను తెచ్చారు. స్టీరింగు ముందు కొండలా కూర్చునే మనిషి, సగమయ్యాడు. మత్తులో ఉన్నాడు. గడ్డం పెరిగింది. నేను బల్ల కింద, ఆయన బల్ల పైన. బస్సులో ఇది తలకిందులుగా ఉండేది.

ప్రమీల ఒక క్షణం ఆయన మెడ మీద వేలు పెట్టి, దారి చూసుకుంది. పని మొదలైంది. చర్మం, కండ, ఒక్కో పొరా పక్కకు జరుపుకుంటూ ఊపిరి గొట్టం దాకా చేరింది. ఇలియాస్ పాత గొట్టాన్ని ముందే కొంచెం లోపలికి జరిపి ఉంచాడు, కోత దాని చివర గాలి కారకుండా ఊదిన బుడగకు తగలకుండా. మంచి గాలి నిండా పట్టించాడు. ప్రమీల పాదం కదిలింది.

టింగ్.

మిషను ఆగింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. లోపలున్న గాలి పూర్తిగా బయటకు పోయేదాకా ఆగింది ప్రమీల. అప్పుడు కిటికీ తెరిచింది. ఒక్క తుంపర లేదు. పాత గొట్టం కొంచెం వెనక్కి జరిగింది, కొత్తది లోపలికి వెళ్లింది, సలోమి దాని బుడగ నింపింది, మిషను పైపు తెచ్చి తగిలించింది. అంతా రిహార్సలులో జరిగినట్టే జరిగింది. ప్రమీల పాదం రెండుసార్లు లాగింది.

టింగ్. టప్.

రెండో దెబ్బకు ఆ కవరు నా సుత్తికీ నాకూ మధ్య ఇరుక్కుంది. ఇలియాస్‌కు వినపడింది ఒక్కటే. ఒకటంటే ఆగు. ఆయన ఆగాడు.

ప్రమీల మళ్లీ లాగింది. టప్. టప్. నా జన్మలో అంత సిగ్గు ఎరగను. మూతికి గుడ్డ కట్టినవాడు ఎంత అరిస్తే మాత్రం ఏం? ఆమె "నడపండి" అని కేకవేసింది. ఆ కేక మాస్కులోనే చచ్చిపోయింది. తెర అవతల ఇలియాస్ చెయ్యి మీట మీదే ఉంది. మానిటరు మీద ఆక్సిజను అంకె దిగుతోంది. ఆయన కళ్లు దాని మీదే ఉన్నాయి. నడపాలని ఆయన వేళ్లు కొట్టుకుంటున్నాయి. అయినా మెట్టు మీద ముసలమ్మ ఉందో లేదో ఆయనకు తెలియదు. గొట్టం కుదరకముందే నడిపితే ఆ ముగ్గురి ముఖాల మీదకీ చిమ్ముతుంది. సలోమి ఒక చెయ్యి పైపు మీద, ఒక చెయ్యి దూది మీద. ప్రమీల చేతులు గొట్టాన్ని వదిలే వీల్లేదు. వదిలితే అది జారిపోతుంది.

అప్పుడు కోటిలింగం కూతురు మోకాలెత్తి, బల్ల పక్కరేకును బలంగా బాదింది.

ధబ్. ధబ్.

ఇలియాస్ మీట తిప్పాడు. మిషను నడిచింది. పున్నయ్య ఛాతీ పైకి లేచింది, దిగింది, మళ్లీ లేచింది. దిగుతున్న అంకె కాసేపు తటపటాయించి, ఘాట్ రోడ్డెక్కే బస్సులా మెల్లమెల్లగా పైకి రావడం మొదలుపెట్టింది. ప్రమీల గొట్టం జారకుండా కుట్లు వేసింది.

తొడుగులన్నీ జాగ్రత్తగా, ఒకరు విప్పుతుంటే ఇంకొకరు చూస్తూ, విప్పి బయటికొచ్చాక ప్రమీల నోరు తెరిచింది.

"సిస్టర్, గంటకు కవరెందుకు తొడిగారు?"

"కనపడినదానికల్లా తొడగమన్నది మీరే కదా మేడమ్."

ప్రమీల గోడకు చేరగిలబడి పకపకా నవ్వింది. ఇలియాస్ నీళ్లు తాగుతూ అన్నాడు, "మేడమ్, మీరు ఆ కథ చెప్పకపోయి ఉంటే నేను ఇంకా అక్కడే ఆగి ఉండేవాణ్ణి."

"ఆ దెబ్బ నాదని ఎట్లా తెలిసింది మీకు? ఏదో పడిన చప్పుడనుకోవచ్చుగా?"

"సరిగ్గా రెండు. ఆ కోపం. కండక్టరు తప్ప ఇంకెవరు అంత కోపంగా కొడతారు?"

అదిగో, నా పాత ఉడుకు ఆ రోజుతో చల్లారింది. రెండుసార్లూ నేను పలకనప్పుడు, పని ఆగకుండా చూసింది ఆ దెబ్బే. పలికే నోరు ఒక్కటే అయితే బండి నడవదు. మనుషులకు ఈ సంగతి తెలిసినా, పెద్ద పెద్ద మిషన్లు కొనేటప్పుడు మరిచిపోతారు.

ఆ ముగ్గురికీ పరీక్షలు చేశారు. ఎవరికీ అంటలేదు. ఇలియాస్ వరండా నుంచి ఇంట్లోకి మారి బిడ్డను ఎత్తుకున్నాడట. ఆ బిడ్డ గుర్తుపట్టక ఏడ్చిందని చాలా గర్వంగా చెప్పాడు. ఆ తర్వాత నా కింద, అంటే నా పైన, ఇంకా చాలామంది పడుకున్నారు. అందరూ లేవలేదు. లేచినవాళ్లే ఎక్కువ. మళ్లీ నాకెవరూ పనిలో కవరు తొడగలేదు.

పున్నయ్య మెల్లగా కోలుకున్నాడు. మత్తు తగ్గించారు, మిషను తీశారు, చివరికి మెడలో గొట్టం కూడా తీసి కట్టు కట్టారు. ఇంటికి పంపే రోజు వచ్చింది. చక్రాల కుర్చీలో వార్డు గుమ్మం దాకా తెచ్చారు. కటకటాల గేటు అవతల కోటిలింగం, మాస్కు గడ్డం కిందికి జారుతుంటే లాక్కుంటూ నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే సిస్టర్ సలోమి నన్ను కడిగించి థియేటరుకు మోసుకొస్తూ అటుగా వచ్చింది.

ఆయా కుర్చీ తోయబోయింది. కదల్లేదు. పున్నయ్య రెండు చక్రాలూ పట్టుకుని కూర్చున్నాడు.

"ఏంది తాతా, ఇంటికెళ్లవా?"

పున్నయ్య మెడ కట్టు మీద వేలు ఆనించి నొక్కుకున్నాడు. అట్టా నొక్కితేనే మాట వస్తుంది. గాలీ మాటా కలిసిపోయిన బొంగురు గొంతుతో, చాలా రోజుల తర్వాత, మొదటి మాట అన్నాడు.

"గంట పడలా."

కుర్చీ పక్కనే ఉన్న ప్రమీల కళ్లు నిండాయి. "సిస్టర్, లాగండి, రెండుసార్లు లాగండి" అంది. సలోమి లాగింది.

టప్. టప్.

"సిస్టర్!"

"దారిలో దుమ్ము పడకుండా వేశా మేడమ్, థియేటరులో తీసేద్దామనే" అంది సలోమి, కవరు లోపల ఉన్న నన్ను చేతుల్లో దాచుకుంటూ.

అవతల కోటిలింగం ఇక ఆగలేదు. అరచేత్తో గేటును ధబ్ ధబ్ అని బాది, "రైట్ రైట్! పోనియ్ బావా!" అని కేకవేశాడు. పున్నయ్య చక్రాలు వదిలాడు.

ఇప్పుడు నేను థియేటరు బయట అద్దాల బీరువాలో ఉన్నాను. కాలితో నొక్కే కరెంటు బజ్జరు వచ్చింది, మంచిదే, దానికి కవరు వేసినా మోగుతుంది. కొత్తగా వచ్చిన పిల్ల డాక్టర్లకు ఇలియాస్ నన్ను చూపించి కథ చెబుతాడు. ఒక్కోసారి ఒక్కో రకంగా చెబుతాడు. ఈ మధ్య చెప్పినదాంట్లో తాడు తనే లాగాడు. నేనేం అనను, చెప్పేవాడికి కాస్త వదలాలి.

పున్నయ్య చూపించుకోవడానికి అప్పుడప్పుడు వస్తాడు. ప్రమీల గదిలోంచి బయటికొచ్చి, వెళ్లబోతూ నా ముందు నిలబడతాడు. కండక్టరు చూడకుండా చేసే పనిలా అటూఇటూ చూసి, బీరువా పక్కను అరచేత్తో రెండు తట్టుతాడు. అద్దం అదురుతుంది. లోపల నేను, ఎవరూ తాడు లాగకుండానే, సన్నగా మోగుతాను.